కంప్యూటరు యుద్ధక్రీడలో కాల్బలమును సాపర్లును

చదరంగపు బల్లమీద కాలిబంటులు పక్షమునకు ఎనమండుగురు. వారు ముందునకే నడతురు, మూలగా చంపుదురు, వెనుకకు మరలుట యెఱుగరు. ఏనుగు, గుఱ్ఱము, శకటము, మంత్రి తమ తమ రీతుల సంచరించును. కాని యా బల్లమీద బాట వేయువాడు లేడు, వంతెన కట్టువాడు లేడు, గోడ పడగొట్టువాడు లేడు. అఱువదినాలుగు గడులును చదునైన నేలయే గనుక అట్టివాని యక్కఱ కలుగలేదు. మన సీమ యట్టిది కాదు. గిద్దలూరునుండి నంద్యాలకు పోవలెనన్న నల్లమల యడ్డము. వానకాలమున గుండ్లకమ్మ యడ్డము. ఎండకాలమున సైతము ముండ్లకంచెయు, రాతిగుట్టయు, చెఱువుకట్టయు నడుగడుగునకు నడ్డము. నేల యెప్పుడు అడ్డము వచ్చునో అప్పుడే కాలినడకవాని విలువయు, పార గునపము పట్టినవాని విలువయు బయలుపడును.

పై తరగతుల విద్యార్థులు కొందఱు సెలవుదినములలో కంప్యూటరుమీద యుద్ధక్రీడల నాడుట మేము చూచుచున్నాము. ట్యాంకుల నెంచుకొనుటయందు వారికిగల తమకము కాల్బలముపై లేదు. సాపర్లనెడి దళ మొకటి యున్నదని కొందఱికి తెలియనే తెలియదు. తల్లిదండ్రులకో, ఈ యాట కేవలము కాలహరణమని కోపము. అందుచేత ఈ రెండు దళములును ఆటలో ఎట్లు పనిచేయునో, ఆ నియమములు నిజమైన యుద్ధానుభవమునుండి యెట్లు పుట్టినవో యీ పాఠమున వివరింప బూనితిమి.

ఆట పుట్టుక నొకింత చెప్పి ముందునకు పోవుదము. ప్రష్యా దేశమున 1824లో రైస్విట్జ్ అను యువ సైనికోద్యోగి పటముమీద నాడెడి యుద్ధక్రీడను రూపొందించెను. ఆ పటము 1:8000 పరిమాణముగలది; సైన్యములకు మాఱుగా ఎఱ్ఱని, నీలపు దిమ్మలు; గెలుపోటములను తేల్చుటకు పాచికలును, ఒక మధ్యవర్తియు. 1913లో ఆంగ్లరచయిత వెల్స్ బొమ్మసైనికులతో నాడెడి యాట కొక చిన్న గ్రంథము వ్రాసెను. 1954లో అమెరికాలో చార్లెస్ రాబర్ట్స్ అట్టపటముమీది యాటను అంగడికి తెచ్చెను. పిమ్మట మధ్యవర్తి చేయు లెక్కలన్నియు కంప్యూటరు చేయ నారంభించెను. 1995లో వెలువడిన ‘స్టీల్ పాంథర్స్’, 1996 నాటి ‘క్లోజ్ కంబాట్’, 2000 నాటి ‘కంబాట్ మిషన్’ యీ జాతిలో పేరెన్నికగన్నవి.

ఇట్టి యాటలు పెక్కింటిలో నేలను ఆఱుమూలల గడులుగా విభజింతురు. చదరపు గడిలో ప్రక్కగడికి పోయిన దూరము ఒకటి యైన, మూలగా పోయిన దూరము 1.4 కంటె కొంచెము మించును. కావున మూలగా నడచువాడు ఊరక లాభము పొందును. తేనెపట్టువలె నుండు ఆఱుమూలల గడికి ఇరుగుపొరుగులు ఆఱు; ఆ యాఱును సమదూరముననే యుండును. ‘స్టీల్ పాంథర్స్’లో ఒక్కొక్క గడి వెడల్పు 50 గజములు. మార్కాపురపు పలకమీద ఇట్టి గడుల గీచి చూచినచో, క్షేత్రగణితమున ఆఱుభుజముల యాకృతి నేల గొప్పదో విద్యార్థులకు వెంటనే బోధపడును.

ఇక కాల్బలము. సైన్యమున పదిమందికి అటునిటుగా నుండు జట్టును సెక్షను అందురు. మూడు సెక్షనులు ఒక ప్లటూను. మూడు ప్లటూనులును కొంత పరివారమును గలసి ఒక కంపెనీ. ఆటలో సామాన్యముగా సెక్షనే యొక పావు. ఆ పావునకు నాలుగైదు గుణములను లెక్కలో వ్రాసియుంతురు: అందలి మనుష్యుల సంఖ్య, ఆయుధములు, వంతున కెన్ని గడులు నడువగలరు, ఎంత యారితేఱినవారు, ఎంత దిటవుగలవారు. బాటమీద రెండుమూడు గడులు పోగల జట్టు అడవిలో నొక్కటే పోవును. బురదనేలలో నదియు కష్టము. అయితే ఏ యడవి వారి నడకను తగ్గించునో ఆ యడవియే వారిని కాపాడును. బయలున నిలిచిన జట్టును శత్రువు దూరమునుండియే కనుగొనును. పొదలలో కదలక పండుకొనిన జట్టు దగ్గఱకు వచ్చువఱకు కానరాదు. కదలిన కనబడుదురు, కాల్చిన మఱింత కనబడుదురు.

తుపాకి దెబ్బకు చచ్చువారికంటె అణగువారే యెక్కువ. ఈ సంగతిని ఆట నేర్చువారు తప్పక గ్రహింపవలెను. జట్టుమీద గుండ్లు కురిసినపుడు ఒక్కడును గాయపడకపోయినను ఆ జట్టునకు ‘అణగుదల’ యనెడి యంకె పెరుగుచుండును. అది కొంత పెరిగినపుడు వారు నేలకు కఱచుకొని యుందురు. ముందునకు పొమ్మన్నను పోరు. ఇంకను పెరిగిన వెనుకకు తగ్గుదురు. మితిమీఱిన చెదరి పరుగెత్తుదురు. నాయకుడు దగ్గఱనుండి కూడదీసికొనినచో ఆ యంకె తగ్గును. కావున చతురుడైన యాటగాడు శత్రువును చంపుటకన్న ముందు అణచుటకు యత్నించును. ఒక ప్లటూను నిలిచి కాల్చుచుండగా మఱియొకటి ప్రక్కనుండి నడచును. నడచువారు కాల్చుచు, కాల్చువారు నడచుచు నుండిన రెండు పనులును చెడును.

మన యరుగులమీదను, గుడి మండపముల బండలమీదను గీతలు చెక్కి ఆడు పులి మేక యాటలో నీ సూత్రము మొదటనే యున్నది. ఇరువదిమూడు చోట్లు, మూడు పులులు, పదునైదు మేకలు. మేకకు చంపు శక్తి లేదు. ఒంటరిగా దొరకిన పులి దాటి చంపును. కాని వెనుక చోటు నింపుకొని ఒకదాని నొకటి ఆనుకొని నిలిచిన మేకల మూకను పులి యేమియు చేయజాలదు. కదలుటకు చోటులేక తానే కట్టుబడును. కాల్బలము బలమంతయు నిట్టిదే. ట్యాంకు పులివంటిది. అది బయలున నెంత భయంకరమో, యూరి సందులలోను దట్టమైన యడవిలోను అంత గ్రుడ్డిది. తోడు కాల్బలము లేనిచో నొక మూలనుండి వచ్చిన నలుగురు మనుష్యులు దానిని తగులబెట్టగలరు. మఱియు నొక యూరిని ట్యాంకు దాటిపోగలదు గాని కాపాడుకొనజాలదు. ఇంటింట నిలిచి, రాత్రియు పగలును ఇది మాదని చెప్పగలవాడు కాలిబంటు మాత్రమే. అందుచేతనే గెలుపునకు గుర్తుగా నియమించిన గడులను వశపఱచుకొను పని యాటలో తుదకు కాల్బలమునకే వచ్చును.

సాపర్ల మాట కొంచెము విపులముగా చెప్పవలసియున్నది. పరాసుభాషలో ‘సాప్’ అనగా కోటగోడవైపునకు శత్రువు గుండు తగులకుండ వంకరటింకరగా త్రవ్వుకొనిపోవు కందకము. దానిని త్రవ్వువాడు సాపరు. గోడక్రిందుగా సొరంగము త్రవ్వి, అందు తుపాకిమందు కూరి పేల్చువాడు మైనరు. సొరంగమునకు ఆంగ్లమున మైను అని పేరు గనుక, పిదప నేలలో పాతిపెట్టు ప్రేలుడు పెట్టెకును ఆ పేరే నిలిచెను. మన తెలుగుమాట యింతకంటె చక్కనిది. రైతు జొన్నలు దాచుకొను గొయ్యి పాతర. మందు దాచిన గొయ్యి మందుపాతర. కడుపు నింపు పాతరను ప్రాణము తీయు పాతరగా మార్చిన వాడెవ్వడోగాని, మాట మాత్రము మఱపురానిది.

ఆటలో సాపర్ల సెక్షను చూపునకు కాల్బలమువంటిదే. తుపాకులుండును, నడకయు నంతయే. కాని వారు వెంట గొనిపోవునవి వేఱు: ప్రేలుడుమందు మూటలు, కంచెలు కత్తిరించు కత్తెరలు, కొన్ని యాటలలో నిప్పు చిమ్ము యంత్రములు. వారు పాతరలున్న గడి ప్రక్కన నిలిచి కదలక, కాల్పక యుండినచో కొన్ని వంతులలో ఆ పాతరలను తొలగింతురు. గోడకు కంత పెట్టుదురు. శత్రువు కాంక్రీటు గూటిని దగ్గఱనుండి పగులగొట్టుదురు. ఏటిపై వంతెన వేయుదురు, లేదా ఉన్న వంతెనను కూల్తురు. రక్షణపక్షమున నున్నపుడు ఆట మొదలుగాకముందే పాతరలు నాటి, కంచెలు పఱచి, కందకములు త్రవ్వియుంతురు. ఇన్ని విద్యలు గలవారగుటచే వారి వెల యెక్కువ. ఆటగాని కిచ్చిన మొత్తములో వారిని కొన్నింటికంటె కొనజాలడు.

విద్యార్థులు తఱచుగా చేయు పొరపాటు రెండు విధములు. కొందఱు సాపర్లను మామూలు సైనికులవలె తొలివరుసను నడిపి, పాతరల చెంతకు చేరకముందే నశింపజేయుదురు. మఱికొందఱు వారిని వెనుక దాచి, ట్యాంకులు పాతరలమీద పేలిపోయిన తరువాత వారిని పిలుతురు. సాపరు తుపాకి కాల్చుచున్నంతసేపు సాపరు కాడు. పనిచేయు చేతులకు పని చేసికొను తెఱపి సమకూర్చుట తక్కినవారి ధర్మము.

ఒక లెక్క వేసి చూతము. నందికనుమవంటి కొండదారి నొకదానిని పటముగా గీచితిమనుకొందము. దారి కిరువైపుల అడవిమెట్టలు. రక్షకులు మలుపువద్ద చెట్లు నఱికి యడ్డముగా పడవేసి, వరుసగా రెండు గడులలో పాతరలు నాటిరి. మెట్టమీద నొక మరతుపాకి యున్నది. మనకు ఒక కాల్బలపు కంపెనీ, ఒక సాపర్ల సెక్షను, రెండు మోర్టారులు, మూడు ట్యాంకులు. వంతులు పదునాలుగు. ఆ లోపల ట్యాంకులు అడ్డంకిని దాటవలెను.

సాపర్లు బయలుదేరు చోటినుండి అడ్డంకికి పది గడులు. బాట ప్రక్కను చాటుగా వంతునకు రెండు గడులు నడచిన అయిదవ వంతు తుదకు చేరుదురు. ఒక గడిని శుద్ధిచేయుటకు మూడు వంతులు పట్టుననుకొనిన, ఆఱు, ఏడు, ఎనిమిది వంతులు మొదటి గడికి చెల్లును. తొమ్మిదవ వంతున ఆ గడిలోనికి జరుగుదురు. పది, పదునొకండు, పండ్రెండు వంతులు రెండవ గడికి. పదుమూడవ వంతున ట్యాంకులు దాటును. మిగిలినది ఒక్క వంతు మాత్రమే. అనగా సాపర్లను శత్రువు రెండు వంతులపాటు అణచియుంచినచో ఆట మనచేయి దాటినట్లే.

కావున ఈ యాటయందలి చిక్కు పాతరలలో లేదు, మెట్టమీది మరతుపాకిలో నున్నది. ఒక ప్లటూను అడవిలోబడి మెట్టనెక్కి దాని పైకి చేరవలెను. ఆ దారి ఆఱు గడులు. అడవిలో వంతునకు ఒక్క గడియే నడక. మొదటి వంతుననే బయలుదేరిన ప్లటూను ఆఱవ వంతు తుదకు చేరును. సాపర్లు పని మొదలిడినది ఆ వంతుననే. ఆ యొక్క వంతును మోర్టారుల పొగగుండ్లు కప్పగలవు. మఱి నాలుగవ వంతువఱకు ఆలోచించుచు కూర్చుండి యప్పుడు పంపినచో ప్లటూను తొమ్మిదవ వంతునకుగాని చేరదు. ఆ లోపల సాపర్లు నాలుగు వంతులు మరతుపాకి యెదుట నుందురు. పొగగుండ్లు అంతకాలము చాలవు. ఓటమి నాలుగవ వంతున జరిగినది కాదు, మొదటి వంతుననే జరిగినది. ట్యాంకులో? పండ్రెండు వంతులు ఊరక నిలిచియుండవలెను. ఈ యోపిక లేకయే మన బాలురు ఓడిపోవుచున్నారని మా యభిప్రాయము.

ఇదంతయు కల్పితము. నిజముగా మన సమీపముననే జరిగిన దొకటి చెప్పెదము. మార్కాపురమునకు దక్షిణముగా, నెల్లూరు జిల్లాలో ఉదయగిరి దుర్గమున్నది. 1513లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల యధీనముననున్న యా దుర్గమును ముట్టడించెను. కొండ నిట్రముగా నుండుటచే కోటను సమీపించుట మిక్కిలి దుర్ఘటము. ముట్టడి సుమారు ఏడాదిన్నర సాగి 1514లో కోట వశమయ్యెను. ఇరువదియేండ్ల పిమ్మట, సుమారు 1535లో, విజయనగరమును గూర్చి వ్రాసిన పోర్చుగీసు గుఱ్ఱపు వర్తకుడు నూనిజ్ ఆ ముట్టడిలో రాయలు కొండలలో బాటలు తొలిపించెననియు, గొప్ప బండలను పగులగొట్టించి తన సైనికులు బురుజులను చేరుటకు దారి చేయించెననియు తెలిపినాడు. కోటలో పదివేల కాల్బలమును, నన్నూఱు గుఱ్ఱములును ఉండెనని యతని లెక్క. మఱుసటి యేడు, 1515లో, కొండవీడును రాయల వశమయ్యెను. ఉదయగిరినుండి తెచ్చిన బాలకృష్ణ విగ్రహమునకు హంపిలో కట్టించిన యాలయము నేటికిని నిలిచియున్నది. ఆ బండలు పగులగొట్టిన చేతుల పేరొక్కటియు మనకు తెలియదు.

ఈ ముట్టడి నొక యాటగా చేయబూనినవాని కొక సంకటము వచ్చును. పదునెనిమిది మాసములలో నిజమైన యుద్ధము కొన్ని దినములే యుండును. తక్కినదంతయు సమ్మెట, గునపము, గంప. వంతుకు రెండు నిమిషముల చొప్పున లెక్కించు యాటలో ఆ శ్రమకు చోటు లేదు. అందుచేత కూర్పరులు బాటను ముందే వేసియుంచి, చివరి యుద్ధమును మాత్రము మన చేతికిత్తురు. కథలో బండ పగిలిన తరువాతి పుటనుండి చదువుటవంటి దిది.

మన పూర్వులకు ఈ శ్రమ విలువ తెలియకపోలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రము చతురంగబలముల పనులను చెప్పి, వాని వెంటనే ‘విష్టి’ పనులను గూడ చెప్పుచున్నది: విడిదిని, బాటలను, వంతెనలను, బావులను, రేవులను చక్కజేయుట; యంత్రములను, ఆయుధములను, మేతను మోయుట; యుద్ధభూమినుండి ఆయుధములను, గాయపడినవారిని తొలగించుట. ఆ విష్టిశబ్దమే తెలుగున వెట్టి యయ్యెనని పెద్దలందురు. సైన్యమునకు అయిదవ యంగమైనవాడు చదరంగపు బల్లమీదికి రాలేదు; ఊరిలో వెట్టివాడుగా మిగిలెను. ఈ పదచరిత్రను చదువరులు ఒకమారు నిలిచి చూతురుగాక.

కూలికిగాక జీతమునకు, ఉడుపులతోడను తుపాకితోడను ఈ పని చేయు దళములు దక్షిణదేశమున 1780లో ఏర్పడెను. ఆ యేడు మదరాసు ప్రభుత్వము రెండు కంపెనీల పయొనీర్లను కూర్చెను. అది పెరిగి 1831లో మదరాసు సాపర్లు, మైనర్లు అను పేరు దాల్చెను. నేడు బెంగుళూరున నున్న మదరాసు ఇంజనీరు గ్రూపు అదియే. తెలుగువారును తమిళులును కన్నడిగులును మలయాళులును అందు తరతరములుగ చేరుచున్నారు. 1912లో ఈ దళమునకు చెందిన కాప్టెన్ మెక్లింటాక్ బెంగుళూరున నొక సాధనమును కనిపెట్టెను. గొట్టములలో ప్రేలుడుమందు కూరి, ఒకదానికొకటి తగిలించి, ముండ్లకంచె క్రిందికి దూరమునుండియే త్రోసి పేల్చెడిది. దానికి బెంగుళూరు టార్పీడో యని పేరు. 1944 జూను 6వ తేదీని నార్మండీ సముద్రతీరమున అమెరికా సైనికులు కంచెలు తెగగొట్టుటకు దీనిని వాడిరి. ఆ దినమును చూపించు యాటలలో నేటికిని దక్షిణదేశపు ఊరిపేరు వినబడుచున్నది. ఆడువారి కా సంగతి తెలిసిన బాగుండునని వ్రాసితిమి.

ఆట కందని వానిని గూడ చెప్పవలెను. ‘క్లోజ్ కంబాట్’లో ఒక్కొక్క సైనికునకు మనస్సు కలదు, వాడు బెదరినపుడు మన యాజ్ఞను పాటింపడు. ఇది మంచి మార్పే. కాని యాట ముగియగానే గాయపడినవారు కనబడరు, పాతరలును మాయమగును. నేలమీద నట్లు కాదు. పాతిన పాతర పాతినవానికంటె ఎక్కువకాలము జీవించును. యుద్ధము ముగిసి సంధి కుదిరినను దానికి తెలియదు. పసులు మేపు పిల్లవానికిని సైనికునకును అది భేదము నెంచదు. మనుష్యులను చంపు పాతరలను నిషేధించుటకు 1997లో పెక్కు రాజ్యములు ఒడంబడిక చేసికొనినవి. భారతదేశ మందు చేరలేదు. నల్లమల యంచు గ్రామముల పెద్దలకు మందుపాతర యను మాట ఆటమాట కాదు. అది వార్తలలో తఱచుగా వినబడిన కాలము వారికి జ్ఞాపకమున్నది. పిల్లలు దానిని గడిలోని గుర్తుగా మాత్రమే యెఱుగుట మాకు సంతోషమే. ఆ గుర్తు నొక్కిన వ్రేలికి దాని యర్థము గూడ తెలియవలెనని యీ నాలుగు మాటలు.

విద్యార్థుల కొక యభ్యాసము. కంభము చెఱువును తలచుకొనుడు. రెండు కొండల నడుమ గుండ్లకమ్మ కడ్డముగా కట్టిన కట్ట అది. విజయనగర రాజపుత్రి వరదరాజమ్మ కట్టించెనని ప్రతీతి. కట్ట తెగినచో క్రింది పొలములును ఊళ్లును మునుగును. ఇరుపక్షములకును ఆ కట్టను చెడగొట్టరాదను నియమముంచి, రక్షకులకు మూడు సెక్షనులును, ముట్టడించువారికి తొమ్మిది సెక్షనులును ఒక సాపర్ల జట్టును ఇచ్చి, పలకమీద గడులు గీచి ఆడిచూడుడు. సాపర్లకు కూల్చు పని లేనపుడు వారితో నేమి చేయింతురో వ్రాసి, వేసవి సెలవుల తరువాత మాకు చూపుడు.